‘నేను’ అన్నావో, మార్కులు గోవిందా!

ఫ్రాన్స్ విద్యాశాఖకు సృజన అంటే ప్రాణం. నమ్మరా? అయితే మన ఇంటర్ మొదటి సంవత్సరం వయసు పిల్లలకు వాళ్లు పెట్టిన సిలబస్ చూడండి. 2024 బాక్ (అక్కడి స్కూలు ఫైనల్) పరీక్షల నుంచి అందులో ఆర్తుర్ రాంబో ఉన్నాడు. సినిమా రాంబో కాదు, కవి రాంబో. (ఈ కవి కూడా చివరికి తుపాకుల వ్యాపారమే చేశాడు లెండి.) ‘దువే నోటు పుస్తకాలు’ అన్న కవితల కట్టను పాఠ్యగ్రంథాల జాబితాలో చేర్చారు. దాన్ని ఏ కోణంలో చదవాలో కూడా శాఖవారే సెలవిచ్చారు. ‘సృజనాత్మక విముక్తి’ అట! అబ్బో! పేరు వింటేనే సంకెళ్లు పుటుక్కున తెగిపోవడం లేదూ?

ఇక పరీక్షకు రండి. నాలుగు గంటల రాతపరీక్ష. జనరల్ విభాగం పిల్లలకు రెండే దారులు. ఇచ్చిన భాగాన్ని విడమరిచి వ్యాఖ్యానం రాయాలి, లేదా చదివిన పుస్తకం మీద వ్యాసం రాయాలి. వ్యాసమంటే నచ్చినట్టు రాసేది అనుకునేరు. ఉపోద్ఘాతం, మూడు భాగాలు, ఉపసంహారం. మొదటి భాగంలో అవునను. రెండో భాగంలో కాదను. మూడో భాగంలో రెండూ నిజమేనని సర్దేయ్. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడా ‘నేను’ అనకు. ‘మనం’ అనొచ్చు. ఎవరికీ చెందని గాలివాటు వాక్యాలు రాయొచ్చు. ‘నాకు ఇలా అనిపించింది’ అనకూడదు. ఇది చట్టం కాదు. చట్టం కంటే గట్టిది, తరగతి గది ఆచారం. తరతరాల ఫ్రెంచి పిల్లలు మార్జిన్లో ఈ వాత పెట్టించుకునే పెద్దవాళ్లయ్యారు.

విముక్తి గురించి రాయాలి. విముక్తం మాత్రం కాకూడదు. అర్థమైందా బాబూ?

ఇంతకీ ఆ నోటు పుస్తకాల కథేమిటి? 1870 ఆగస్టు. షార్ల్‌విల్ అనే చిన్న ఊరు. కుర్రాడికి పదహారు నిండలేదు. ప్రష్యాతో యుద్ధం నడుస్తోంది. అమ్మకు చెప్పకుండా పారిస్ రైలెక్కాడు. చేతిలో సరైన టికెట్ లేదు. దిగగానే పట్టుకుని మజాస్ జైల్లో తోశారు. విడిపించింది ఎవరు? బడిపంతులు. జార్జ్ ఇజాంబార్ అనే యువ పంతులు పూచీపడి బయటికి తెచ్చాడు. దువేలో తన వాళ్లింట్లో ఉంచుకున్నాడు. కుర్రాడు అక్కడ తన కవితలన్నీ సాపుగా రాసి, పాల్ దెమెనీ అనే మరో కవి చేతిలో పెట్టాడు. మరుసటి ఏడాది జూన్‌లో అదే దెమెనీకి ఉత్తరం రాశాడు. నేనిచ్చిన ఆ పద్యాలన్నీ తగలబెట్టు అని. దెమెనీ తగలబెట్టలేదు. బద్ధకమో, ముందుచూపో! ‘దువే నోటు పుస్తకాలు’ అన్న పేరు కూడా కుర్రాడు పెట్టింది కాదు, తర్వాతివాళ్లు తగిలించింది. రాసినవాడు కాల్చమన్న కాగితాలు ఇప్పుడు జాతీయ సిలబస్. ఇంటి నుంచి పారిపోయిన వాడి మీద, కుర్చీలోంచి కదలకుండా నాలుగు గంటలు రాయాలి.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఈ రాంబో బడిలో మొద్దేమీ కాదు. లాటిన్ పద్యాలు అల్లడంలో దిట్ట. 1869లో ప్రాంతీయ పోటీలో మొదటి బహుమతి కొట్టాడు. ఆ పద్యాలు సాక్షాత్తూ విద్యాశాఖ ప్రాంతీయ పత్రికలోనే అచ్చయ్యాయి. అంటే, దుమ్ము పట్టిందని మనం వెక్కిరించే ఆ 19వ శతాబ్దపు బడి పిల్లల చేత పద్యాలు రాయించేది! అనుకరణలే కావచ్చు. ఎవరూ మాట్లాడని భాషలోనే కావచ్చు. రాయించేది. ఇప్పటి బడి రాంబో మీద రాయిస్తుంది. రాంబోలా నాలుగు పంక్తులు రాస్తానంటే? ఏం, ఒళ్లెలా ఉంది?

నిజానికి మొన్నమొన్నటి దాకా ఒక సందు ఉండేది. 2000 దశకం మొదట్లో పరీక్షలో ‘కల్పనా రచన’ అని మూడో ప్రశ్న పెట్టారు. ఉత్తరం రాయొచ్చు, సంభాషణ రాయొచ్చు, కథకు తరువాయి రాయొచ్చు. 2019లో అమల్లోకి వచ్చిన సంస్కరణ దాన్ని జనరల్ విభాగం పరీక్ష నుంచి ఎత్తేసింది. అప్పటి మంత్రి జాన్-మిషెల్ బ్లాంకేర్. ఎందుకు ఎత్తేశారండీ? దిద్దడం కష్టమట. అందరూ ఒకేలా మార్కులు వేయలేరట. చదవని పిల్లలు దాన్ని పట్టుకుని గట్టెక్కేస్తున్నారట. ఆ ప్రశ్నేదో గొప్పదని వెనకేసుకురావడం లేదు. అదీ సగం బొమ్మలాటే. ఫలానా పాత్ర ఫలానా పాత్రకు ఫలానా శైలిలో ఉత్తరం రాసినట్టు రాయాలి. చాలామంది పంతుళ్లకే అదంటే చిరాకు. సరే, బాగుచెయ్యండి. ఎత్తేయడమేమిటి? ఎత్తేసిన చేత్తోనే నాలుగేళ్లకు ‘సృజనాత్మక విముక్తి’ అని సిలబస్‌లో రాయడమేమిటి? ఆ రెండు ఫైళ్ల మీదా సంతకాలు పెట్టిన శాఖ ఒకటే కదా? నవ్వు రాలేదా మహాశయులకు?

మౌఖిక పరీక్షలో వ్యక్తిగత అభిరుచికి చోటిచ్చాం కదా అంటారు. ఇచ్చారు. 20 నిమిషాల్లో 8 నిమిషాలు. మొదటి 12 నిమిషాలు పైకి చదవడం, పంక్తి పంక్తికీ వివరణ, ఒక వ్యాకరణ ప్రశ్న. తర్వాత 8 నిమిషాలు నచ్చిన పుస్తకం గురించి మాట్లాడొచ్చు. నచ్చిన పుస్తకమంటే? తరగతిలో ఏడాదంతా చదివిన జాబితాలోంచి నచ్చింది. ఆ ఎనిమిది నిమిషాలైనా పిల్లలు సొంతంగా మాట్లాడతారా? ఎందుకు మాట్లాడతారు, పిచ్చా? ఎక్కడ ‘కదిలిపోయాను’ అనాలో, ఎక్కడ ‘నన్ను ఆలోచింపజేసింది’ అనాలో చెప్పే షీట్లు రెడీగా ఉంటే!

పోనీ, సాహిత్యంలో ‘నేను’ అంటే గిట్టని దేశమా ఇది? ఆ ‘నేను’కు గుడి కట్టి పూజారులను పెట్టిన దేశం. 1580లో మాంతేన్ దొర తన గురించి, తన తిండి గురించి, చివరికి తన మూత్రపిండాల్లో రాళ్ల గురించి కూడా రాసుకుని వ్యాసం అనే ప్రక్రియకే పితామహుడయ్యాడు. రూసో సంగతి చెప్పాలా? కన్నబిడ్డలు ఐదుగురినీ అనాథాశ్రమానికి పంపాడు. పిల్లల్ని ఎలా పెంచాలో లోకానికి చెబుతూ 1762లో ‘ఎమిల్’ అచ్చేశాడు. ఆ తర్వాత ఆత్మకథలో అంతా ఒప్పేసుకున్నాడు. ఇప్పుడు పాంథియాన్‌లో జాతి మహనీయుల సరసన పడుకున్నాడు. విమర్శకుడు రొలాన్ బార్త్ 1968లో రచయిత చచ్చిపోయాడని దండోరా వేయించాడు. 1975లో తన పేరే శీర్షికగా పెట్టుకుని తన మీద తానే పుస్తకం రాసుకున్నాడు. చావు ఊళ్లోవాళ్లకన్నమాట! 1977లో సెర్జ్ దుబ్రోవ్‌స్కీ సొంత జీవితాన్నే నవల చేసి ‘ఆటోఫిక్షన్’ అని నామకరణం చేశాడు. ఇంకేం, తలుపులు తెరుచుకున్నాయి. ఏటా వేసవి సెలవులు కాగానే అక్కడ నాలుగైదు వందల కొత్త నవలలు దుకాణాల్లో దిగుతాయి. వాటిలో ఎన్నెన్ని ‘మా అమ్మ’లు, ‘మా నాన్న’లు, ‘నా విడాకులు’, ‘నా దిగులు’! అన్నిటికీ సమీక్షలు, బహుమతులు, టీవీలో కుర్చీలు.

పదహారేళ్ల పిల్లకు మాత్రం ఒకటే హుకుం. మాంతేన్ గారి ‘నేను’ను మూడు భాగాల్లో వివరించు. నీది ఇంటి దగ్గర పెట్టి రా.

సరే, పెద్దవాళ్లయ్యాక అందరి ‘నేను’కూ ఒకటే ధర పలుకుతుందా? ఇక్కడే అసలు కథ. గాబ్రియేల్ మాట్జ్‌నెఫ్ అని ఒక రచయిత. మైనర్లతో తన సంబంధాల గురించి దశాబ్దాల పాటు పుస్తకాలు, డైరీలు అచ్చేసుకున్నాడు. దాచింది లేదు. పారిస్‌లో పేరుమోసిన ప్రచురణకర్తలే వేశారు. 1990 మార్చిలో ‘అపోస్త్రోఫ్’ అనే టీవీ సాహిత్య కార్యక్రమంలో దర్జాగా కూర్చున్నాడు. నవ్వులు, చమత్కారాలు. ఒక్కరంటే ఒక్కరు తిరగబడ్డారు. కెనడాలోని కెబెక్ నుంచి వచ్చిన రచయిత్రి దెనీజ్ బొంబార్దియే. ఆమెకు దక్కిందేమిటి? పారిస్ సాహిత్య పెద్దల వెక్కిరింపులు. ఆయనకు దక్కిందేమిటి? ప్రభుత్వ పుస్తక కేంద్రం నుంచి ఏటేటా భత్యం. 2013లో రెనోదో వ్యాస పురస్కారం. జ్యూరీలో మిత్రులున్నారు మరి!

2020 జనవరి మొదట్లో వనెస్సా స్ప్రింగోరా పుస్తకం వచ్చింది. తనకు 14 ఏళ్లు, ఆయనకు 50 ఏళ్లు ఉన్నప్పుడు ఏం జరిగిందో ఆమె తన నోటితో చెప్పింది. వారం తిరక్కుండా ఆయన డైరీల అమ్మకం ఆగిపోయింది. ముప్పై ఏళ్లు ఎవరికీ కనబడనిది వారంలో కనబడిపోయింది. ఆ ముప్పై ఏళ్లూ ఆ పుస్తకాల్లో విమర్శకులు ఏం చదివారయ్యా? శైలి. వాక్యం సొంపు. నుడికారం. పేజీలో ఒక పిల్ల ఉంది, ఆ పిల్లకు ఏమవుతోంది అని అడగలేదు. ఎలా అడుగుతారు? నీకేమనిపించిందో మాకక్కర్లేదు, శైలి గురించి చెప్పు అని నాలుగు గంటల పరీక్షల్లో తరిఫీదు పొందిన బుర్రలు కదా! ఆ బడి గెలిచింది. నూటికి నూరు మార్కులు.

అదే రెనోదో వారి ప్రధాన పురస్కారాన్ని 1984లో అనీ ఎర్నో అందుకున్నారు. నార్మండీలో చిన్న కిరాణా, కాఫీ కొట్టు నడుపుకున్న తండ్రి గురించి రాసిన పుస్తకానికి. 2022లో ఆమెకు నోబెల్ వచ్చింది. రాగానే కొందరు పెద్దమనుషులకు కడుపులో మంట మొదలైంది. చప్పటి భాష అట. ఎప్పుడూ తన గోలే అట. చూశారా తేడా? దొరగారి ‘నేను’ శైలి. కొట్టు నడిపేవాళ్లమ్మాయి ‘నేను’ గోల.

ఆడవాళ్లు ‘నేను’ అనడం మీద ఈ చిటపటలు కొత్తవి కావు. ‘క్లేవ్ రాకుమారి’ నవల 1678లో వచ్చింది. ఆధునిక ఫ్రెంచి నవలకు అదే తొలి మెట్టని పాఠాల్లో చెబుతారు. అట్ట మీద రచయిత్రి మదాం ద లాఫయెత్ పేరు లేదు. భాషకు కాపలాగా 1635లో పుట్టిన ఫ్రెంచి అకాడమీకి మొదటి మహిళా సభ్యురాలు 1980లో దొరికింది. 345 ఏళ్లు వెతికారు పాపం! పదవుల పేర్లకు స్త్రీలింగం ఒప్పుకోవడానికి 2019 దాకా మీనమేషాలు లెక్కపెట్టారు. వారి నిఘంటువు ఎనిమిదో కూర్పు 1935లో పూర్తయితే, తొమ్మిదోది 2024లో పూర్తయింది. వాళ్లను వాళ్లు ‘అమరులు’ అని పిలుచుకుంటారు. అంత తీరిక ఉండాలంటే అమరులే కావాలి మరి.

ఆ రాకుమారి నవలకు ఇంకో చరిత్ర ఉంది. 2006లో నికొలా సర్కోజీ, దేశాధ్యక్ష పదవి మీద కన్నేసి తిరుగుతున్న రోజుల్లో, ఒక సభలో దాన్ని పట్టుకుని ఎకసెక్కాలాడాడు. ప్రభుత్వోద్యోగాల పరీక్షలో ఆ నవల మీద ప్రశ్న అడిగినవాడు శాడిస్టో వెర్రివాడో అయి ఉండాలన్నాడు. కౌంటర్లో కూర్చునే గుమాస్తాకు సాహిత్యమెందుకని ఆయన భావం. మరుసటి ఏడాది అధ్యక్షుడయ్యాడు. 2009లో విశ్వవిద్యాలయాలు సమ్మెకు దిగినప్పుడు పంతుళ్లూ విద్యార్థులూ వీధుల్లో నిలబడి ఆ నవలను మొదటి నుంచి చివరిదాకా పైకి చదివారు. ‘నేను క్లేవ్ రాకుమారిని చదువుతున్నాను’ అని బ్యాడ్జీలు పెట్టుకున్నారు. అమ్మకాలు పెరిగాయి. మూడు శతాబ్దాల కింద చనిపోయిన రచయిత్రికి ఇంత ప్రచారం ఏ విమర్శకుడూ చేసిపెట్టలేదు. తర్వాత ఏం జరిగింది? నవలను తీసుకెళ్లి బాక్ సిలబస్‌లో పెట్టారు. వీధిలో ‘నేను చదువుతున్నాను’ అన్న పుస్తకం మళ్లీ ‘నేను’ అనకూడని గదిలోకి వెళ్లింది. కథ సుఖాంతం.

ఇక్కడితో అయిందా? ఆగండి. సాహిత్య పరీక్షలో నోరు మూయించిన పిల్లను మరుసటి ఏడాది డిగ్రీ సీటు కోసం పార్కూర్‌సుప్ అనే సర్కారు పోర్టల్ ముందు కూర్చోబెడతారు. 2018 నుంచి ఇదే తంతు. అక్కడ ‘నేను’ అనకపోతే కుదరదు. నువ్వెవరు? ఈ కోర్సే ఎందుకు? నీ ఆశయమేమిటి? నీ ప్రేరణ ఏమిటి? అంతా 1,500 అక్షరాల్లో, ఖాళీలతో సహా కొట్టిపెట్టాలి. నిన్నటిదాకా మార్జిన్లో వాత పెట్టించుకున్న ‘నేను’ ఇవాళ కోటు వేసుకుని, తల దువ్వుకుని, అంగట్లో నిలబడాలి. పుస్తకం ముందు వద్దన్న ‘నేను’, సీటు ముందు మాత్రం కావాలా? డబ్బున్న ఇళ్లలో ప్రైవేటు కోచ్‌లు ఆ ఆశయాన్ని తయారుచేసి పెడతారు. లేని ఇళ్లలో చాట్‌జీపీటీని పట్టుకుంటారు. రెండు చోట్లా ఆశయాలు అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉంటాయి.

ఈ చదువు చెప్పే పంతుళ్ల సంగతో? ఆధునిక సాహిత్యంలో అగ్రెగసియోఁ అనే పోటీ పరీక్ష ఉంది. ఫ్రెంచి సాహిత్యం మీద ఒక్క వ్యాసానికే ఏడు గంటలు. నెగ్గినవాళ్లకు జీవితాంతం గౌరవం. అంత నిష్ఠ గల శాఖ 2022 వేసవికి ముందు, పంతుళ్లు దొరక్క, వెర్సాయ్ ప్రాంతంలో ‘జాబ్ డేటింగ్’ పెట్టింది. పెళ్లిచూపులన్నమాట. అరగంట మాట్లాడి కాంట్రాక్టు పంతుళ్లను ఏరుకుంది. ఒకరికి ఏడు గంటల అగ్నిపరీక్ష, ఒకరికి అరగంట కబుర్లు. పిల్లకు మాత్రం ఇద్దరూ చెప్పేది ఒకటే, ‘నేను’ అనకు.

రాళ్లకూ రప్పలకూ డబ్బు కరువు లేదు సుమండీ. 1539లో రాజుగారు కోర్టు కాగితాలు ఫ్రెంచిలోనే ఉండాలని శాసనం చేసిన విల్లేర్-కొతెరే కోటను బాగుచేసి, ‘అంతర్జాతీయ ఫ్రెంచి భాషా నగరం’ అని బోర్డు పెట్టారు. 20 కోట్ల యూరోలకు పైగా ఖర్చు. 2023 అక్టోబరు 30న అధ్యక్షుడు మాక్రాన్ వచ్చి ప్రారంభించారు. ఈ భాష అందరిదీ అన్నది ఆయన మార్కు పాట. 2018 మార్చిలోనూ అకాడమీ పెద్దల ముందు నిలబడి అదే పాడారు. ప్రపంచమంతా రండి, ఫ్రెంచి నేర్చుకోండి, మా దగ్గర చదువుకోండి అని. అదే ఏడాది నవంబరులో ఆయన ప్రధాని విదేశీ విద్యార్థుల కోసం కొత్త పథకం ప్రకటించాడు. యూరప్ బయటి నుంచి వచ్చే పిల్లలకు డిగ్రీ ఫీజు ఏడాదికి 170 యూరోల నుంచి 2,770కి పెంచాడు. పీజీ 243 నుంచి 3,770కి. పదహారు రెట్లు, పదిహేను రెట్లు. ఆ పథకం పేరేమిటో తెలుసా? ‘ఫ్రాన్స్‌కు స్వాగతం’! చాలా విశ్వవిద్యాలయాలు సిగ్గుపడి మినహాయింపులిచ్చాయి. సర్కారు సిగ్గుపడిన దాఖలా లేదు. శ్రీరంగనీతులు చెప్పడానికి కూడా ఒక హద్దుండాలి కదండీ!

ఆ స్వాగతం మనదాకా వచ్చేసింది. 2024 గణతంత్ర దినోత్సవానికి అతిథిగా వచ్చిన మాక్రాన్, 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులు తమ దేశంలో ఉండాలన్నారు. ఇంకేం, మనవాళ్లు ఊరుకుంటారా? మనకసలే తర్ఫీదు ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకునేది బోదలేర్ కవిత్వం కోసమా? మార్కుల కోసం. ‘నా కుటుంబం’ అని ఒక పేరా ఉంటుంది. దాన్ని కళ్లు మూసుకుని అప్పజెప్పాలి. క్లాసులో ఉన్న వాళ్లందరికీ నాన్న ఒక్కడే. ఆయన ఇంజనీరు. అమ్మ టీచరు. చెల్లెలు ఒకటి, పిల్లి ఒకటి. అసలు నాన్న ఆటో నడుపుతాడా, పొలం అమ్ముకుని ఫీజు కట్టాడా? గైడులో ఆ నాన్న లేడు. పరీక్షలోనూ ఉండడు. అక్కడ ‘నేను’ అనొద్దంటారు. ఇక్కడ ‘నేను’ అనమని ఎవడిదో ‘నేను’ను నోట్లో కుక్కుతారు. ఏది మెరుగో మీరే తేల్చుకోండి.

తర్వాత దెల్ఫ్ అనే ఫ్రెంచి ప్రావీణ్య పరీక్ష. బీ2 స్థాయిలో కనీసం 250 మాటల్లో సొంత అభిప్రాయం వాదించాలి. పాపం, వాళ్లు నిజంగానే అడుగుతున్నారు. మన కోచింగుల్లో సొంత అభిప్రాయానికి ఫార్ములా ఉంది. ‘నా ఉద్దేశంలో’తో మొదలు. ‘ఒకవైపు’ ఒకటి. ‘మరోవైపు’ ఒకటి. ‘అయినప్పటికీ’ తప్పనిసరి. ఊళ్లో కార్లు నిషేధించాలా అన్నా, బడిలో ఫోన్లు నిషేధించాలా అన్నా అవే అతుకులు, అదే వాక్యం. కార్లు తీసి ఫోన్లు పెట్టడమే. మూడు భాగాల వ్యాసం కనిపెట్టిన ఫ్రెంచి పంతుళ్లు చూస్తే ఆనందబాష్పాలు రాలుస్తారు.

ఆఖరున వీసాకు ముందు ఉత్తరం. ఎందుకు ఫ్రాన్స్‌కు వెళ్లాలనుకుంటున్నావో చెప్పే ఉత్తరం. హైదరాబాద్‌లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా వినబడే మాటలు ఇంచుమించు ఇవే:

“సార్, మా తాతయ్యది యానాం. చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదివాడు. ఇప్పటికీ కోపమొస్తే ఫ్రెంచిలోనే తిడతాడు. ఆయన తిట్లు అర్థం చేసుకుందామనే నేను ఈ భాష మొదలుపెట్టాను. అది రాయనా?”

“అమ్మా తల్లీ, అవన్నీ ఎందుకమ్మా నీకు? ‘ఫ్రెంచి సంస్కృతి నన్ను బాల్యం నుంచీ ఆకర్షించింది’ అని మొదలెట్టు. పోయిన బ్యాచ్ మొత్తానికి అదే రాయించా. అందరికీ వచ్చింది.”